మరుగున వెలిగిన దీపం – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

పాఠ్యభాగ పరిచయం

ఒక వ్యక్తి జీవితంలోని ముఖ్య ఘట్టాలను, ఆ వ్యక్తి సాధించిన కార్యాలను కాలక్రమంలో తెలియజేసే రచనను జీవితచరిత్ర అంటారు. ప్రస్తుత పాఠ్యభాగం ఆ ప్రక్రియకు చెందినది. తెలుగునేలపై పుట్టి, పేదరికంతోను, పరాజయాలతోను పోరాడి, అమెరికాలో వైద్య పరిశోధనకు జీవితాన్ని అంకితం చేసిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం ఇందులో వర్ణితమైంది. ఆయన ప్రయోగశాలలో రూపొందిన ఒక ఔషధం కీళ్ల వాపుతో బాధపడే వారికి ఎలా చేరిందో, ఆ వాపును నేటి వైద్యులు అతిధ్వనుల సహాయంతో ఎలా గుర్తిస్తున్నారో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

మనిషి బుద్ధితో ఊహించినదానిని ఆచరణలో చూపేది చేయి. నాగలి పట్టినా, కలం పట్టినా, వీణ మీటినా, పసిబిడ్డను లాలించినా ఆ పనికి తోడ్పడేవి వేళ్ల కణుపులలోని చిన్న చిన్న కీళ్లు. ఒక్కొక్క చేతిలో 27 ఎముకలు ఉన్నాయి. అవి కలిసే చోట్ల ఎముకల చివరలను నునుపైన మృదులాస్థి కప్పి ఉంచుతుంది. కీలు లోపలి భాగాన్ని ఒక పలుచని పొర ఆవరించి, జిగురువంటి ద్రవాన్ని స్రవిస్తుంది. అందువల్లనే మన వేళ్లు ఒరిపిడి లేకుండా కదులుతున్నాయి. ఆ పొరకు వాపు వచ్చిందంటే తలుపు గడియ తీయడం, చొక్కా బొత్తాం పెట్టుకోవడం వంటి స్వల్ప కార్యాలు సైతం కష్టసాధ్యాలవుతాయి.

ఈ వాపు లోపలిది. అనేక సందర్భాలలో అది పైకి కనబడదు. అందుచేత వైద్యునికి రెండు సాధనాలు అవసరం. ఒకటి, కంటికి కనబడని వాపును కనుగొని దాని తీవ్రతను కొలిచే సాధనం. రెండవది, ఆ వాపును అణచే ఔషధం. అటువంటి ఔషధాలలో ప్రసిద్ధమైన మెథోట్రెక్సేట్ ఒక తెలుగువాడు నాయకత్వం వహించిన పరిశోధన బృందం నుండి వెలువడింది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. విశేషమేమంటే, ఆయన ఎన్నడూ కీళ్ల వ్యాధుల వైద్యుడు కారు. తాను వెదకిన సత్యం తాను ఊహించని దిక్కున కూడా ఫలించగలదని చెప్పడానికి ఆయన జీవితమే నిదర్శనం.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ఆయన ముందుగానే ఉద్యోగం విడువవలసి రావడంతో పెద్ద కుటుంబం ఆర్థికంగా చితికిపోయింది. చదువుకంటె ధనార్జనే ముఖ్యమని భావించిన బాలుడు సుబ్బారావు పదమూడేళ్ల ప్రాయంలో ఇల్లు విడిచి, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి సంపాదించాలని బయలుదేరారట. తల్లి వెదకి తెప్పించి మళ్లీ బడికి పంపింది. ఆమె దృఢచిత్తురాలు. భర్త మరణించిన తరువాత తన నగలు అమ్మి కుమారుని చదువు నిలిపింది. సుబ్బారావు మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు విఫలులై, మూడవ పర్యాయం మద్రాసులో ఉత్తీర్ణులయ్యారు. తరువాత అక్కడి ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివారు.

యౌవనంలో ఆయన మనస్సు ఆధ్యాత్మికతవైపు మొగ్గింది. రామకృష్ణ మఠంలో చేరి సన్న్యసించాలని ఆయన సంకల్పించారు. తల్లి అందుకు అంగీకరించలేదు. లోకసేవ చేయాలనుకున్నవానికి వైద్యవృత్తి కూడా ఒక మార్గమే అని పెద్దలు నచ్చజెప్పగా ఆయన మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించారు. మిత్రుల సహాయంతోను, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి ఆదరణతోను ఆ చదువు సాగింది. 1919లో శేషగిరితో ఆయన వివాహం జరిగింది.

అది జాతీయోద్యమం ఉద్ధృతంగా సాగుతున్న కాలం. గాంధీమహాత్ముని పిలుపు విని సుబ్బారావు విదేశీ వస్త్రాలను విసర్జించారు. శస్త్రచికిత్స గదిలో సైతం ఖద్దరు వస్త్రమే ధరించారు. అది ఆంగ్లేయుడైన ఆచార్యునికి ఆగ్రహం తెప్పించింది. ఫలితంగా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆ కారణంగా ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం లభించలేదు. మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారు నిర్వహిస్తున్న ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధించే ఉపన్యాసకులుగా ఆయన చేరారు.

ఇదే కాలంలో ఆ కుటుంబంపై ఒక పిడుగు పడింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్దిరోజుల తేడాతో మరణించారు. వారిని బలిగొన్నది స్ప్రూ అనే వ్యాధి. ఉష్ణమండల దేశాలలో కనిపించే ఈ వ్యాధిలో చిన్నప్రేగు ఆహారంలోని సారాన్ని గ్రహించలేదు. విరేచనాలతో రోగి నానాటికీ క్షీణిస్తాడు. రక్తహీనత ఏర్పడుతుంది. తోబుట్టువులను రక్షించుకోలేకపోయిన దుఃఖం సుబ్బారావు హృదయంలో చిరకాలం నిలిచిపోయింది. వ్యాధులకు మూలమేమిటో తెలుసుకోవాలన్న తపన ఆయనలో బలపడింది.

1920ల తొలినాళ్లలో మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అందించిన ఆర్థికసహాయంతో సుబ్బారావు అమెరికాకు ప్రయాణమయ్యారు. బోస్టన్ నగరంలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రం అభ్యసించడం ఆయన లక్ష్యం. అక్కడికి చేరేసరికి చేతిలో మిగిలిన ధనం స్వల్పం. మద్రాసు పట్టాతో అక్కడ వైద్యం చేసే అర్హత లేదు. ఆయన ఒక ఆసుపత్రిలో రాత్రివేళ సేవకునిగా చేరి, రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచారు. పగలు పాఠాలు, రాత్రి కూలి. ఆ దినచర్యను ఆయన అవమానంగా భావించలేదు. అలా శ్రమించి డిప్లొమా పొంది, హార్వర్డ్‌లోనే జీవరసాయనశాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద పరిశోధకులుగా చేరారు.

అక్కడ ఆయన చేపట్టిన తొలి కార్యం ఒక కొలతకు సంబంధించినది. రక్తంలోను, శరీర కణజాలంలోను భాస్వరం ఉంటుంది. ఎముకల పెరుగుదలకు, కండరాల పనికి అది ముఖ్యమైనది. కాని అది ఎంత ఉందో కచ్చితంగా తెలుసుకోవడం ఆనాడు కష్టం. ఫిస్కే, సుబ్బారావు కలిసి 1925లో ఒక సులభమైన పద్ధతిని ప్రకటించారు. రక్తం నమూనాకు కొన్ని రసాయనాలు కలిపితే నీలివర్ణం ఏర్పడుతుంది. భాస్వరం ఎక్కువగా ఉంటే నీలం గాఢమవుతుంది, తక్కువగా ఉంటే పలుచనవుతుంది. ముందే పరిమాణం తెలిసిన మరొక ద్రావణంతో ఆ రంగును పోల్చి భాస్వరం మొత్తాన్ని లెక్కించవచ్చు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా ప్రసిద్ధి చెందిన ఈ విధానం ప్రపంచంలోని ప్రయోగశాలలలో దశాబ్దాలపాటు వాడుకలో ఉంది. జీవరసాయనశాస్త్ర విద్యార్థులు నేటికీ ఆ పేరు వింటూనే ఉన్నారు.

కంటికి కనబడని పదార్థాన్ని రంగుగా మార్చి, ఆ రంగును కొలిచి, దాని పరిమాణం తెలుసుకోవడం ఈ పద్ధతిలోని సారాంశం. కొలవగలిగినదానిని గురించి మాత్రమే నిశ్చయంగా మాట్లాడవచ్చు అనే క్రమశిక్షణ సుబ్బారావు పరిశోధనలన్నింటికీ పునాది అయింది.

ఆ పద్ధతితో కండరాలను పరిశీలిస్తుండగా మరొక సత్యం బయటపడింది. కండరాలలోని భాస్వరం కొంతభాగం క్రియాటిన్ అనే పదార్థంతో కలిసి ఉందని, కండరం పనిచేసినప్పుడు ఆ సమ్మేళనం విడిపోతుందని, విశ్రాంతిలో మళ్లీ ఏర్పడుతుందని 1927లో వారు వెల్లడించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. ఇంగ్లండులోని పరిశోధకులు కూడా ఇంచుమించు ఆ కాలంలోనే దానిని గుర్తించారు. కండరశక్తిని గురించి అప్పటివరకు నెలకొన్న సిద్ధాంతాన్ని ఈ పరిశోధన మార్చివేసింది. 1929లో ఫిస్కే, సుబ్బారావు ఏ.టి.పి. అనే పదార్థాన్ని వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ సైతం అదే సంవత్సరం దానిని కనుగొన్నారు. జీవకణాలలో శక్తిని చేరవేసే నాణెం వంటిది ఈ ఏ.టి.పి. నేడు ఉన్నత పాఠశాల విద్యార్థికి సైతం దాని పేరు తెలుసు. దానిని వెలికితీసిన చేతులలో తెలుగువాని చేతులు కూడా ఉన్నాయన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

1930లో సుబ్బారావు డాక్టరేట్ పట్టా పొందారు. అయినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన పదవి లభించలేదు. ఆయన శ్రమించి వేరుచేసిన కొన్ని పదార్థాల వివరాలు ప్రచురణకు నోచుకోలేదు. ఫిస్కే వాటిని వెలుగులోకి రానీయకపోవడం వల్లనే ఇతరులు అనేక సంవత్సరాల తరువాత వాటిని మళ్లీ కనుగొనవలసి వచ్చిందని, 1988లో నోబెల్ బహుమతి పొందినవారిలో ఒకరైన జార్జ్ హిచింగ్స్ అభిప్రాయపడ్డారు. ఆయన కూడా ఆ రోజులలో హార్వర్డ్‌లో ఫిస్కే వద్ద పనిచేసినవారే. తన కృషి మరుగున పడుతున్నా సుబ్బారావు వాదులాటకు దిగలేదు. ప్రయోగశాల విడిచి ఊరకుండనూ లేదు. కాలేయం నుండి రక్తహీనతను తగ్గించే పదార్థాలను వేరుచేసే పనిలో నిమగ్నులయ్యారు.

1940లో ఆయన హార్వర్డ్‌ను విడిచి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊరిలో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరారు. ఔషధాలు తయారుచేసే ఆ సంస్థలో రెండేళ్లలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఇక్కడ ఆయన జీవితంలోని ఉత్తరార్ధం ఆరంభమైంది. రసాయనశాస్త్రజ్ఞులు, సూక్ష్మజీవశాస్త్రజ్ఞులు, వైద్యులు కలిసి ఒకే లక్ష్యం కోసం శ్రమించే బృందాలను ఆయన నిర్మించారు.

ఆ బృందం సాధించిన తొలి ఘనవిజయం ఫోలిక్ ఆమ్లం. దీని వెనుక మన దేశానికి సంబంధించిన పూర్వకథ ఒకటి ఉంది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో పేద గర్భిణులకు వచ్చే ఒక విధమైన రక్తహీనతను పరిశీలించి, ఈస్ట్ సారం దానిని తగ్గిస్తుందని కనుగొన్నారు. ఆ సారంలోని అసలు పదార్థమేదో అప్పుడు తెలియలేదు. కాలేయంలోను, ఆకుకూరలలోను ఉండే ఆ పదార్థాన్ని గుర్తించి, దాని నిర్మాణాన్ని తెలుసుకొని, కృత్రిమంగా తయారుచేసినట్లు సుబ్బారావు బృందం 1945లో ప్రకటించింది. ఆ ప్రకటనపై పదహారుమంది పేర్లున్నాయి. విభాగాధిపతి పేరు వాటి నడుమ ఒకటిగా మాత్రమే కనిపిస్తుంది. ఫోలిక్ ఆమ్లం స్ప్రూ రోగుల రక్తహీనతను తగ్గిస్తుందని తేలింది. అన్నదమ్ములను పోగొట్టుకున్న ఇరవై అయిదేళ్లకు సుబ్బారావు వారి వ్యాధికి ఔషధం అందించగలిగారు. వారికి మాత్రం అది అందలేదు.

ఫోలిక్ ఆమ్లం జీవకణాలు విభజన చెంది వృద్ధి పొందడానికి అవసరం. అటువంటప్పుడు దానిని పోలి ఉండి, దాని పనిని అడ్డగించే పదార్థాన్ని తయారుచేస్తే కణాల వృద్ధిని నిలిపివేయవచ్చు కదా అన్న ఆలోచన కలిగింది. తాళంచెవిని పోలిన మరొక చెవి తాళంలో దూరుతుంది కాని తెరవదు. పైగా అసలు చెవి దూరకుండా అడ్డుపడుతుంది. అలాంటివే అమినోప్టెరిన్, అమెథోప్టెరిన్ అనే పదార్థాలు. వీటిలో రెండవదానినే తరువాత మెథోట్రెక్సేట్ అన్నారు. లెడర్లీలో తయారైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లోని బాలల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తక్యాన్సర్‌తో మరణావస్థలో ఉన్న చిన్నారులకు ఇచ్చారు. పదహారుమందిలో పదిమందికి తాత్కాలికంగానైనా వ్యాధి తగ్గిందని 1948 జూన్‌లో ఆయన ప్రకటించారు. క్యాన్సర్‌కు మందులతో చికిత్స చేయవచ్చునన్న ఆశకు అది తొలి వెలుగు.

అదే కాలంలో బోదకాలుకు కారణమయ్యే క్రిములను నశింపజేసే హెట్రజాన్ ఔషధం, అనేక అంటువ్యాధులపై పనిచేసే ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవనాశకం కూడా సుబ్బారావు నాయకత్వంలోని పరిశోధనశాలల నుండి వెలువడ్డాయి. ఆరియోమైసిన్‌ను కనుగొన్నవారు బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞులు. పదవీవిరమణ వయసు దాటిన ఆయనకు పరిశోధనావకాశం లభించినది లెడర్లీలోనే. ఆ ఘనతను సుబ్బారావు పూర్తిగా డగ్గర్‌కే విడిచిపెట్టారు.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. స్వదేశం విడిచిన తరువాత ఆయన తిరిగి రాలేదు. శైశవంలోనే మరణించిన ఏకైక కుమారుని ఆయన చూడనే లేదు. చదువు ముగించి భర్త తిరిగివస్తాడని ఎదురుచూసిన శేషగిరి నిరీక్షణ ఫలించలేదు. ఆయన అమెరికా పౌరసత్వమూ పొందలేదు. లోకానికి అందిన ఔషధాల వెనుక ఒక కుటుంబం చెల్లించిన మూల్యం కూడా ఉన్నదని మరువరాదు.

ఆయన వెళ్లిపోయారు. ఆయన ప్రయోగశాలలో పుట్టిన ఔషధం ప్రయాణం మాత్రం ఆగలేదు. 1951లో గబ్నర్ అనే అమెరికా వైద్యుడు అమినోప్టెరిన్ ఇచ్చిన కొందరు రోగులలో రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం తగ్గడం గమనించారు. ఈ వ్యాధిలో శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే కీళ్లలోని పొరపై దాడి చేస్తుంది. పొర వాచి, ఉబ్బి, చివరకు ఎముకను తినివేస్తుంది. ముఖ్యంగా చేతివేళ్లు వంకరలు తిరుగుతాయి. గబ్నర్ పరిశీలనను వైద్యలోకం చాలాకాలం పట్టించుకోలేదు. క్యాన్సర్ మందును కీళ్లనొప్పులకు వాడటమా అన్న భయం అందుకు ఒక కారణం. 1980లలో జరిగిన పరీక్షలలో మెథోట్రెక్సేట్‌ను అల్ప మోతాదులో, వారానికి ఒక్కసారి మాత్రమే ఇస్తే మేలు కలుగుతుందని రుజువైంది. 1988లో అమెరికా ప్రభుత్వం దానిని ఈ వ్యాధికి అనుమతించింది. నేడు ప్రపంచమంతటా కీళ్లవాతానికి వైద్యులు తొలుత ఎంచుకునే మందు అదే.

అయితే చేతి కీళ్లనొప్పులన్నీ కీళ్లవాతం కావు. నడివయస్సు దాటినవారిలో, విశేషించి స్త్రీలలో, ఎక్కువగా కనిపించేది ఆస్టియో ఆర్థరైటిస్ అనే కీళ్ల అరుగుదల. ఇందులో మృదులాస్థి క్రమంగా క్షీణిస్తుంది. వేళ్ల కొనల వద్ద, నడిమి కణుపుల వద్ద ఎముక పెరిగి గట్టి బొడిపెలు ఏర్పడతాయి. కొనల వద్ద ఏర్పడే బొడిపెలను పద్దెనిమిదవ శతాబ్దంలోనే విలియం హెబర్డెన్ అనే ఆంగ్ల వైద్యుడు వర్ణించారు. అందువల్ల వాటికి ఆయన పేరే వచ్చింది.

ఈ బాధ ఎవరికైనా రావచ్చు. ఉదాహరణకు చిత్తూరు జిల్లాలోని పూతలపట్టు ప్రాంతాన్నే తీసుకుందాం. కంబరామాయణాన్ని తెలుగు చేసిన పూతలపట్టు శ్రీరాములురెడ్డి పేరు వల్ల సాహిత్యాభిమానులకు పరిచితమైన ఊరు అది. చెరకు నరకడం, బెల్లం వండటం, వేరుశనగకాయలు ఒలవడం, రెండుపూటలా పాలు పితకడం అక్కడి గ్రామీణుల నిత్యకృత్యాలు. ఇవన్నీ వేళ్ల బలంతో జరిగే పనులే. ఉదయం లేవగానే పిడికిలి బిగియకపోతే, పొదుగు పట్టుకోవడానికి వేళ్లు సహకరించకపోతే ఆ ఇంటి ఆదాయమే కుంటుపడుతుంది. వయస్సు మీదపడితే ఇంతే అని సరిపెట్టుకొనేవారు ఎందరో. కర్నూలు–చిత్తూరు మార్గము, తిరుపతి మార్గము కలిసే ఆ కూడలి నుండి కొందరు తిరుపతికి, కొందరు చిత్తూరు మీదుగా వేలూరుకు వైద్యం కోసం వెళుతుంటారు.

ఆ మాటకొస్తే వైద్యులు సైతం చాలాకాలం ఈ వ్యాధిని కేవలం అరుగుదలగానే భావించారు. బండి ఇరుసు అరిగినట్లు కీలు అరిగిందనుకున్నారు. ఎక్స్‌రే చిత్రంలో ఎముకలే కనబడతాయి. వాటి మధ్య ఖాళీ తగ్గడం, అంచులు పెరగడం తెలుస్తుంది. వాచిన పొర అందులో కనబడదు. ఆ చిత్రంలో కనిపించే అరుగుదలకు, రోగి చెప్పే నొప్పికి అనేకసార్లు పొంతన కుదరదు. ఆ లోటును తీర్చినది అతిధ్వనుల పరీక్ష. దానినే వాడుకలో అల్ట్రాసౌండ్ స్కానింగ్ అంటున్నాం.

సెకనుకు 20,000 కంపనాలను మించిన ధ్వనులు మన చెవికి వినబడవు. వాటిని అతిధ్వనులంటారు. గ్లాస్గో నగరంలో ఇయాన్ డొనాల్డ్ అనే వైద్యుడు వాటి సహాయంతో కడుపులోని కణితులను, గర్భస్థ శిశువును పరిశీలించి 1958లో ఫలితాలు ప్రకటించారు. అప్పటికి సుబ్బారావు మరణించి పదేళ్లయింది. వేళ్ల కీళ్లు చర్మానికి చాలా దగ్గరగా ఉంటాయి. వాటిని సూక్ష్మంగా చూడటానికి సెకనుకు కోటికి పైగా కంపనాలు గల అతిధ్వనులను వాడతారు. వైద్యుడు వేలిపై జెల్ పూసి, ప్రోబ్ అనే చిన్న సాధనాన్ని ఆనిస్తాడు. అందులోని స్ఫటికాలు ధ్వనితరంగాలను లోపలికి పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనులను గ్రహిస్తాయి. ఎముక తెల్లని గీతగా, కీలులో చేరిన ద్రవం నల్లగా, ఉబ్బిన పొర బూడిదవర్ణంలో తెరపై కనబడతాయి. ఈ పరీక్షలో కోత లేదు, నొప్పి లేదు, ఎక్స్‌రే వంటి కిరణాలు అసలే లేవు.

ఈ పరీక్షలోనే పవర్ డాప్లర్ అనే మరొక విధానం ఉంది. కదలని వస్తువు నుండి వచ్చే ప్రతిధ్వనికి, కదిలే రక్తకణాల నుండి వచ్చే ప్రతిధ్వనికి భేదం ఉంటుంది. యంత్రం ఆ భేదాన్ని గుర్తించి రక్తప్రసరణ గల చోటును ఎర్రని, నారింజ వర్ణపు చుక్కలుగా చూపుతుంది. ఆరోగ్యవంతమైన కీలు పొరలో అటువంటి రంగు దాదాపు కనబడదు. వాపు రగులుతున్న పొరలో కొత్త రక్తనాళాలు ఏర్పడి రంగు విస్తరిస్తుంది. పొర ఉబ్బుకు ఒకటి, రంగు వ్యాప్తికి ఒకటి చొప్పున సున్నా నుండి మూడు వరకు అంకెలు వేస్తారు. సున్నా అంటే వాపు లేదు, మూడు అంటే తీవ్రమైన వాపు. చేతి కీళ్ల అరుగుదలకు ఇటువంటి అంకెల పద్ధతిని 2008లో పరిశోధకులు ప్రతిపాదించారు. అలా కొలిచి చూసిన తరువాత, కేవలం అరుగుదల అనుకున్న వేళ్లలో కూడా అనేకసార్లు వాపు దాగి ఉన్నదని తెలిసింది. వాపు ఉన్న కీళ్లలోనే నొప్పి ఎక్కువగా ఉండడం, కాలక్రమంలో అవే ఎక్కువగా చెడిపోవడం కూడా గమనించారు.

నీలివర్ణపు గాఢతను బట్టి భాస్వరాన్ని కొలిచిన సుబ్బారావు పద్ధతి ఇక్కడ గుర్తుకు రాక మానదు. యంత్రం వేరు, శాస్త్రం వేరు. కనబడనిదానిని రంగుగా మార్చి, ఆ రంగును అంకెగా మార్చే క్రమశిక్షణ మాత్రం ఒక్కటే.

కొలత కుదిరిన తరువాత చికిత్సను పరీక్షించడం సాధ్యమైంది. 2019లో నెదర్లాండ్స్ పరిశోధకులు అతిధ్వనుల పరీక్షలో వాపు ఉన్నదని తేలిన చేతి కీళ్ల అరుగుదల రోగులకు ఆరువారాలు ప్రెడ్నిసొలోన్ అనే మందు ఇచ్చి, నొప్పి తగ్గినట్లు ప్రకటించారు. 2023లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఎం.ఆర్.ఐ. పరీక్షలో కీలు పొర వాపు కనిపించిన 97 మంది రోగులను ఎన్నుకొని, వారిలో సగం మందికి వారానికి 20 మిల్లీగ్రాముల మెథోట్రెక్సేట్ ఇచ్చారు. మిగిలినవారికి మందులేని మాత్రలు ఇచ్చారు. ఆరు నెలల తరువాత మెథోట్రెక్సేట్ తీసుకున్నవారిలో నొప్పి ఒక మోస్తరుగా తగ్గింది. అంతకుముందు ఫ్రాన్స్‌లో తక్కువ మోతాదుతో జరిగిన మరొక పరీక్షలో అటువంటి మేలు కనబడలేదు. కనుక ఈ మందు కీళ్ల అరుగుదల గలవారందరికీ సంజీవని కాదు. వాపు ఎవరిలో ఉన్నదో ముందుగా తెలుసుకోవడం ఎంత ముఖ్యమో ఈ పరీక్షలు నేర్పుతున్నాయి.

మెథోట్రెక్సేట్ శక్తిమంతమైన మందు. వారానికొకసారి తీసుకోవలసినదానిని పొరపాటున ప్రతిదినం తీసుకుంటే ప్రాణాపాయం. గర్భిణులు దానిని తీసుకోరాదు. వైద్యుని పర్యవేక్షణలో, రక్తపరీక్షలు చేయించుకుంటూ మాత్రమే వాడాలి. నోటిపూత, వికారం వంటి దుష్ఫలితాలు తగ్గడానికి వైద్యులు దానితోపాటు ఫోలిక్ ఆమ్లం మాత్రలు కూడా వ్రాస్తారు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినది కూడా సుబ్బారావు బృందమే. విరుద్ధ గుణాలు గల ఆ రెండు పదార్థాలు ఒకే ప్రయోగశాలలో పుట్టి, నేడు ఒకే రోగి చేతిలో కలుసుకుంటున్నాయి.

సుబ్బారావుకు నోబెల్ బహుమతి రాలేదు. ఆయన జీవించి ఉండగా స్వదేశంలో కూడా ఆయన పేరు ఎందరికో తెలియదు. మరణానంతరం 1953లో ఒక శిలీంధ్ర జాతికి సుబ్బారోమైసెస్ అని ఆయన పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన చిత్రంతో తపాలా బిళ్ల విడుదల చేసింది. ఆయన కీర్తి మరుగున ఉండడానికి ఇతరుల అన్యాయం కొంత కారణం, స్వభావసిద్ధమైన నిరాడంబరత మరికొంత కారణం. బృందం చేసిన పనికి బృందానికే పేరు దక్కాలని ఆయన విశ్వసించారు.

పరీక్షలో తప్పినవాడు, పట్టా తగ్గినవాడు, ఉద్యోగం దొరకనివాడు, పరాయి నేలపై మలపాత్రలు కడిగినవాడు ఇన్ని మేళ్లు లోకానికి చేయగలిగాడంటే అందుకు మూలం జిజ్ఞాస, ఓర్పు, కచ్చితత్వం. నేడు కీళ్లవాతంతో బాధపడే ఒక గ్రామీణ స్త్రీ వారంలో ఒకరోజు మెథోట్రెక్సేట్ మాత్ర, మరొక రోజు ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకొని, మళ్లీ పిడికిలి బిగించి పాలు పితకగలుగుతున్నది. ఆ మాత్రల అట్టపై సుబ్బారావు పేరు ఉండదు. ఆ పిడికిలిలో మాత్రం ఆయన కృషి ఉంది.

కఠిన పదాలు – అర్థాలు

మృదులాస్థి = ఎముకల చివరలను కప్పి ఉంచే మెత్తని, నునుపైన కణజాలం
అతిధ్వనులు = మానవుని చెవికి వినబడని, అధిక కంపనాలు గల ధ్వనులు
భాస్వరం = ఎముకలలో, కణాలలో ఉండే ఒక మూలకం
దృఢచిత్తురాలు = గట్టి మనస్సు గలది
ఉద్ధృతంగా = తీవ్రంగా
నిరాడంబరత = ఆడంబరం లేకపోవడం
జిజ్ఞాస = తెలుసుకోవాలనే కోరిక

ప్రశ్నలు

అ. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. యల్లాప్రగడ సుబ్బారావు ఎదుర్కొన్న కష్టాలను, వాటిని అధిగమించిన తీరును వివరించండి.
2. చేతి కీళ్లలోని వాపును అతిధ్వనుల సహాయంతో గుర్తించే విధానాన్ని తెలుపండి.

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. ఫిస్కే–సుబ్బారావు పద్ధతిని వివరించండి. పవర్ డాప్లర్ పరీక్షతో దానికి గల పోలిక ఏమిటి?
2. మెథోట్రెక్సేట్ కీళ్లవాతానికి ఔషధంగా మారిన క్రమాన్ని తెలుపండి.

ఇ. ఈ క్రింది ప్రశ్నలకు ఒక వాక్యంలో సమాధానాలు వ్రాయండి.
1. సుబ్బారావు సోదరులు ఏ వ్యాధితో మరణించారు?
2. సుబ్బారావు ఏ సంవత్సరంలో లెడర్లీ ప్రయోగశాలలలో చేరారు?
3. వేళ్ల కొనల వద్ద ఏర్పడే బొడిపెలకు ఎవరి పేరు వచ్చింది?